ఉప్పును సాగనంపే విద్య

లీటరుకు 2000 మిల్లీగ్రాముల లవణాలున్న బోరునీళ్లను 20 లీటర్ల క్యానుకు పట్టామనుకోండి. ఆ క్యానులో 40 గ్రాముల ఉప్పులు కరిగి ఉంటాయి. కంటికి కనబడవు, గుడ్డ పెట్టి వడగడితే దిగవు, కాచితే పోవు. కాచితే నీళ్లు కొంత ఆవిరై మిగిలినవి ఇంకాస్త ఉప్పనవుతాయి, అంతే. అదే క్యాను ఆర్ఓ (రివర్స్ ఆస్మాసిస్) ప్లాంటులో పట్టుకుంటే అందులో ఉండేది ఒకటిన్నర, రెండు గ్రాములు. మిగతా 38 గ్రాములను విడదీయడానికి ఆ ప్లాంటు నిప్పు రాజేయలేదు, ఉప్పును విరిచే మందేదీ కలపలేదు. పంపు పెట్టి నెట్టింది. దేనిమీదుగా నెట్టింది, ఎలా నెట్టింది అన్నదాంట్లోనే మనిషి చేతి పనితనమంతా ఉంది.

ఆలూరు ప్రాంతంలో ఈ ప్రశ్న ఊసుపోక వేసుకునేది కాదు. 1953 అక్టోబరు 1న ఆదోని, రాయదుర్గం తాలూకాలతో పాటు బళ్లారి జిల్లా నుంచి విడివడి ఆంధ్ర రాష్ట్రంలో కలిసిన తాలూకా ఇది. అప్పుడూ ఇప్పుడూ వానకు మొహం వాచిన నేలే. పడమటన వేదవతి, ఇక్కడివాళ్లు పిలిచేది హగరి, ఏడాదిలో ఎక్కువ భాగం ఇసుక పరుచుకుని ఉంటుంది. తుంగభద్ర దిగువ కాలువ నీళ్లు అందే ఊళ్లు చెరువులు నింపుకుంటాయి. అందని ఊళ్లకు బోరే దిక్కు. కింద ఉన్నది గ్రానైటు, నైస్ జాతి గట్టిరాయి. వానలు తక్కువ, ఎండ ఎక్కువ కాబట్టి రాతి పగుళ్లలో నిలిచిన నీరు ఏళ్ల తరబడి ఆ రాతినే కొద్దికొద్దిగా కరిగించుకుంటూ ఉంటుంది. రాతిలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడు నీళ్లలోకి దిగేది అలాగే. నీళ్లలో సున్నం ఎక్కువుంటే పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, బిందె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. ఇంటి ఆడవాళ్లు ఈ పరీక్షలను ఏ ప్రయోగశాలా లేకుండానే చేసి పెట్టుకున్నారు. ఫ్లోరైడుకు మాత్రం అలాంటి ఆనవాలు లేదు. దానికి రుచి లేదు, రంగు లేదు. పిల్లల పళ్లమీద గోధుమరంగు చారలుగా, పెద్దల మోకాళ్లలో, నడుములో బిగుతుగా ఏళ్ల తర్వాత బయటపడుతుంది.

మన దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించి రాసింది కూడా తెలుగునేల మీదే. అప్పటి నెల్లూరు జిల్లాలోని పల్లెల గురించి 1937లో వైద్యులు నివేదించారు. తర్వాత నాగపూర్‌లోని నీరీ సంస్థ పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును అడుగుకు దించే పద్ధతిని రూపొందించింది. దానికి పెట్టిన పేరు నల్లగొండ పద్ధతి. చవకైనదే, బకెట్లో కూడా చేసుకోవచ్చు. కాకపోతే పటిక కొలత నీటిని బట్టి మారుతుంది, అడుగున తేరిన బురదను పారబోయాలి, ఉప్పదనం మాత్రం అలాగే ఉంటుంది. ఉప్పునూ ఫ్లోరైడునూ ఒక్క దెబ్బతో తీసే యంత్రం ఊళ్లోకి వచ్చేసరికి జనం ఆ బకెట్టును మరిచిపోయారు. 2014 అక్టోబరు 2న ఎన్టీఆర్ సుజల స్రవంతి పేరుతో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2 రూపాయలకు 20 లీటర్ల పథకం మొదలుపెట్టే నాటికే ఈ యంత్రం ఊళ్లకు కొత్త కాదు.

ప్లాంటు గదిలోకి వెళితే మొదట కనబడేవి నిలువుగా నిలబడ్డ రెండు పెద్ద డబ్బాలు. ఒకదాంట్లో ఇసుక, రెండోదాంట్లో బొగ్గు. ఇసుక మట్టిని పడుతుంది. బొగ్గు వాసననూ, క్లోరిన్ ఉంటే దాన్నీ పీల్చుకుంటుంది. ఆ పక్కన చిన్న డోసింగ్ పంపు చుక్కచుక్కగా ఒక మందు వదులుతుంటుంది. ఆ తర్వాత తెల్లటి దారపు కార్ట్రిడ్జి, 5 మైక్రాన్ల కంటే పెద్ద నలుసును ఆపేది. వీటన్నిటినీ తక్కువ చేయడానికి లేదు గానీ, ఇవన్నీ వెనకనున్న ఒక్క వస్తువుకు కాపలా. చెవులు దిబ్బళ్లు వేసే హైప్రెషర్ పంపు దాటాక అడ్డంగా పడుకోబెట్టిన పొడవాటి గొట్టాలుంటాయి. అసలు పని జరిగేది వాటి కడుపులో.

ఆ గొట్టాల్లో ఉండే వడపోత చుట్టను మెంబ్రేన్ అంటారు. పని అయిపోయినదాన్ని ప్లాంటువాళ్లు గోడవారన పడేస్తారు. ఒకటి అడిగి తెచ్చుకుని హ్యాక్సా బ్లేడుతో నిలువునా కోసి విప్పి చూడండి. చేతికి వచ్చేది నాలుగంగుళాల వ్యాసం, నలభై అంగుళాల పొడవున్న చుట్ట. నడిమధ్య ఒక ప్లాస్టిక్ గొట్టం, దాని పొడవునా చిన్న చిన్న బెజ్జాలు. ఆ గొట్టం చుట్టూ కవర్లలాంటి రేకులు చుట్టి ఉంటాయి. ఒక్కో రేకును విప్పితే రెండు పలుచటి పలకలు వెన్నుకు వెన్ను ఆనించి, మూడు అంచులు జిగురుతో మూసేసి ఉంటాయి. నాలుగో అంచు మాత్రం తెరిచి నడిమి గొట్టానికి అతికిస్తారు. కవరు లోపల సన్నటి గుడ్డ, శుద్ధమైన నీరు నడిచే దారి అదే. కవరుకూ కవరుకూ మధ్య ముప్పావు మిల్లీమీటరు మందాన వజ్రాకారపు కళ్లున్న ప్లాస్టిక్ వల. ఉప్పునీళ్లు ఆ వల మీదుగా పారతాయి. మొత్తం విప్పి పరిస్తే మెంబ్రేన్ వైశాల్యం దగ్గర దగ్గర 8 చదరపు మీటర్లు, అంటే పదడుగుల పొడవు, ఎనిమిదిన్నర అడుగుల వెడల్పున్న గది నేలంత. అదంతా చంకలో పెట్టుకుపోయే సైజుకు చుట్టేశారు. 1960లలో కాలిఫోర్నియాలో జనరల్ అటామిక్ సంస్థ ఇంజినీర్లు ఈ చుట్టే పద్ధతి కనిపెట్టినప్పటి నుంచి దాని రూపం పెద్దగా మారలేదు. మార్చాల్సిన అవసరం రాలేదు.

ఇప్పుడు ఆ పలకను వేలితో తడిమి చూడండి. ఒకవైపు నున్నగా మెరుస్తుంది, వెనకవైపు గుడ్డలా ఉంటుంది. వెనకనున్నది పాలిస్టర్, బలానికి. దాని మీద పాలీసల్ఫోన్ అనే ప్లాస్టిక్ పొర, 40, 50 మైక్రాన్ల మందం. ఆ పైన పాలిఅమైడ్ పొర. ఉప్పును ఆపేది ఇదొక్కటే. దాని మందం ఒక మైక్రానులో పదోవంతు, మహా అయితే ఐదోవంతు. తల వెంట్రుకను నిలువునా కొన్ని వందల పొరలుగా చీల్చగలిగితే అందులో ఒక పొరంత. ఇంత పలుచటి దాన్ని పోతపోయడం, సాగదీయడం, అంటించడం ఏ యంత్రానికైనా చాలా కష్టం. మరి ఎలా చేశారు?

అది తనంతట తానే తయారయ్యేలా చేశారు. పాలీసల్ఫోన్ పలకను ఒక అమీన్ కరిగిన నీళ్లలో ముంచి తీస్తారు. ఆ తడి మీద నీటితో కలవని, నూనె జాతి ద్రావణిని పారిస్తారు. అందులో ఆమ్ల క్లోరైడ్ ఒకటి కరిగి ఉంటుంది. నీళ్లూ నూనే కలిసే గీత దగ్గర రెండు రసాయనాలూ ఎదురుపడతాయి. ఎదురుపడిన చోట క్షణాల్లో గట్టి పొర కట్టుకుంటుంది. కట్టుకున్న ఆ పొరే వాటి మధ్య అడ్డుగోడై, ఇక అవి కలుసుకోలేవు. అందుకే పొర అంతకు మించి మందం పెరగదు. ఎక్కడైనా చిల్లి మిగిలితే అక్కడ మళ్లీ రెండూ కలిసి, ఆ చిల్లిని పూడ్చుకుంటాయి. తన లోపాన్ని తానే సరిదిద్దుకుని, సరిపోగానే తానే ఆగిపోయే పని ఇది. దీన్ని 1970లలో సాధించినవాడు జాన్ కాడోట్ అనే అమెరికన్ రసాయనవేత్త. ఈ రోజుకీ ఆదోని రోడ్డు మీది ప్లాంటులో ఉన్నా, గల్ఫ్ దేశాల సముద్రపు నీటి కర్మాగారాల్లో ఉన్నా ఆ పొర మూలవిద్య అతనిదే. గొప్ప పనితనమంటే నాకు ముందుగా గుర్తొచ్చేది ఈ పొరే.

కాడోట్ కంటే ముందు ఒక భారతీయుడి పేరు చెప్పుకోవాలి. శ్రీనివాస సౌరిరాజన్ లాస్‌ఏంజలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సిడ్నీ లోబ్‌తో కలిసి పనిచేస్తున్న కాలం అది, 1950ల చివర. అప్పటికే ఫ్లోరిడాలో రీడ్, బ్రెటన్ సెల్యులోజ్ అసిటేట్ పొర ఉప్పును ఆపుతుందని చూపించారు. కానీ నీళ్లు రావడం మరీ బొట్టు బొట్టు. లోబ్, సౌరిరాజన్ ఒక పొరను ఒకవైపు తిప్పి పెడితే ఉప్పు ఆగింది, బోర్లించి పెడితే ఆగలేదు. రెండు వైపులా ఒకేలా కనబడే పలకకు నిజానికి రెండు ముఖాలున్నాయన్నమాట: ఒకవైపు దట్టమైన సన్నటి చర్మం, వెనక గుల్లగా ఉన్న ఒళ్లు. ఆపాల్సింది ఆ చర్మం మాత్రమే, మిగిలింది ఆసరా. కాబట్టి చర్మాన్ని ఎంత పలుచన చేస్తే నీళ్లు అంత ఎక్కువ వస్తాయి. వాళ్లు సొంతంగా అలాంటి పొరనే పోసి, నీటి రాకను పదింతలకు పైగా పెంచారు. 1965లో కాలిఫోర్నియాలోని కోలింగా అనే ఊరికి ఈ పద్ధతితో తాగునీళ్లిచ్చారు. ఒకప్పుడు మంచినీళ్లు రైలు ట్యాంకర్లలో తెప్పించుకున్న ఊరు అది. సౌరిరాజన్ తర్వాత కెనడా వెళ్లి ఒట్టావాలో దశాబ్దాల పాటు ఈ పొరల మీదే పనిచేశాడు. మన పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు ఎందుకు కనబడదో నాకు అంతుపట్టదు.

ఇక్కడొక అపోహ తీర్చాలి. ఆర్ఓ అంటే అతి సన్నటి జల్లెడ అనుకుంటాం, అమ్మేవాళ్లూ అలాగే చెబుతారు. జల్లెడే అయితే ఫ్లోరైడు ఆగకూడదు. నీటి అణువు వెడల్పు 0.28 నానోమీటర్లు, ఫ్లోరైడు అయాన్ వెడల్పు కూడా ఇంచుమించు అంతే. సోడియం అయాన్ అయితే నీటి అణువు కంటే చిన్నది. చిన్నది ఆగి పెద్దది పోయే జల్లెడ ఎక్కడుంది? కిటుకు ఏమిటంటే, నీళ్లలో ఉన్న అయాన్ ఒంటరిగా తిరగదు. నీటి అణువులు దాన్ని గట్టిగా చుట్టుకుని ఉంటాయి. ఆ తొడుగుతో సహా అది పాలిఅమైడ్ సందుల్లో దూరలేదు, తొడుగు విప్పుకుని రావాలంటే చాలా శక్తి కావాలి. పైగా పాలిఅమైడ్ పొర మీద రుణావేశం ఉంటుంది. ఫ్లోరైడుదీ రుణావేశమే కాబట్టి దాన్ని అవతలికి నెడుతుంది. అందుకే ఆవేశం లేని కొన్ని పదార్థాలు ఈ పొరను కొంత తేలిగ్గా దాటేస్తాయి, కరిగి ఉన్న బొగ్గుపులుసు వాయువు అయితే అడ్డే లేకుండా పోతుంది. ఫిల్టర్ నీళ్లు కొంచెం పులుపు గుణానికి దిగేది ఆ వాయువు వల్లే. నీటి అణువులు ఈ పొరలో కరిగి అటు చేరతాయా, సన్నటి సందుల్లోంచి ప్రవహిస్తాయా అన్న వాదన ఇంకా తెగలేదు. కరగడమే అని దశాబ్దాల పాటు పుస్తకాలు చెప్పాయి. 2023లో యేల్ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞుల బృందం, కాదు, ప్రవాహమే అని వాదించింది. ఇన్ని కోట్ల లీటర్లు దీనిగుండా తాగేశాక కూడా దాని గుట్టు మీద పండితులు తగువులాడుకోవడం నాకు ముచ్చటగా ఉంటుంది.

ఆర్ఓ చేసే పని సహజంగా జరిగేదానికి ఎదురు నడక. 1748లో ఫ్రాన్స్‌లో నోలే అనే పాదిరీ ద్రాక్షసారా నింపిన పంది తిత్తిని నీళ్లలో పెడితే అది నీళ్లు పీల్చుకుని ఉబ్బింది. పలుచటి వైపు నుంచి చిక్కటి వైపుకు నీరు తనంతట తాను పోతుంది. ఆ పోకను వెనక్కి తిప్పాలంటే ఆ తోపుడు కంటే ఎక్కువ ఒత్తిడి పెట్టాలి. టీడీఎస్ (లీటరులో కరిగిన లవణాల మిల్లీగ్రాములు) 2000 ఉన్న నీటికి ఆ తోపుడు సుమారు ఒకటిన్నర బార్, సముద్రపు నీటికైతే 27 బార్ వరకు ఉంటుంది. కాబట్టి మన బోరునీళ్లకు గేజీ మీద 10, 12 కిలోలు, అంటే ఇంచుమించు అన్నే బార్లు, చూపిస్తే చాలు. 1000 లీటర్ల నీటిని 10 బార్‌కు తేవడానికి భౌతికశాస్త్రం అడిగేది పావు యూనిట్ కరెంటు పైచిలుకు. మీటరు అంతకంటే ఎక్కువ తిరిగితే ఆ తప్పు పంపుది.

ఇక ఊళ్లో అందరూ కోప్పడే విషయానికి వద్దాం. "ఏందన్నా, ఇన్ని నీళ్లు కాలవలోకి ఇడుస్తుండావు!" అని ప్లాంటు మనిషిని అడగని వాళ్లుండరు. మంచినీళ్లు ఎన్ని వస్తాయో ఇంచుమించు అన్ని నీళ్లు పక్క గొట్టం నుంచి మోరీలోకి పోతుంటే కరువు సీమలో ఎవరికి మాత్రం కడుపు రగలదు? కానీ ఆ పక్క గొట్టమే లేకపోతే ఈ యంత్రం బతకదు. గుడ్డతో వడగట్టేటప్పుడు నలుసులన్నీ గుడ్డ మీదే పేరుకుంటాయి, కాసేపటికి గుడ్డ మూసుకుపోతుంది. ఇక్కడ అలా కుదరదు. అందుకే నీళ్లను పొరకు ఎదురుగా కాకుండా పొర వెంబడి పారిస్తారు. కొంత నీరు పక్కకు దూరి లోపలికి పోతుంది, మిగిలిన నీరు ఆగిపోయిన ఉప్పును వెంటబెట్టుకుని ముందుకు సాగిపోతుంది. ఉప్పును పట్టుకోవడం కాదు, నిలవనీయకుండా సాగనంపడం ఈ యంత్రం విద్య. ఆ ప్లాస్టిక్ వల అందుకే ఉంది. అది రేకులను ఎడంగా ఉంచడమే కాకుండా దాని అడ్డపోగులు పారే నీటిని సుడులు తిప్పి, పొరకు ఆనుకుని పేరుకునే ఉప్పును కదిలిస్తూ ఉంటాయి.

లెక్క చూడండి. 100 లీటర్లు పంపి 50 మంచినీళ్లు తీస్తే మిగిలిన 50 లీటర్లలో ఉప్పు రెండింతలు చిక్కబడుతుంది. 75 తీస్తే నాలుగింతలు. 90 తీయాలని ఆశపడితే పదింతలు. నీళ్లు వృథా అవుతున్నాయని పక్క గొట్టం మీది రిజెక్ట్ వాల్వును బిగించే కొద్దీ లోపల సున్నం కరిగి ఉండలేక స్ఫటికాలుగా దిగి పొర మీద పెచ్చు కడుతుంది. డోసింగ్ పంపు వదిలే ఆ చుక్కల మందు పని ఇదే, పుట్టే స్ఫటికాన్ని పెరగనీయకుండా చూడటం. దానికీ ఒక హద్దుంది. ఇందాక కోసి విప్పిన చుట్టనే మళ్లీ చూడండి. నీళ్లు దూరే కొసన గోధుమరంగు జిగట ఉంటే ఇసుక డబ్బాను సరిగా కడగలేదని అర్థం. నీళ్లు బయటికొచ్చే కొసన, వల కళ్ల ఆకారంలోనే తెల్లటి గరుకు అచ్చుపడి ఉంటే వాల్వు మరీ బిగించారని అర్థం. తెల్లటి దాని మీద ఒక చుక్క నిమ్మరసం వేస్తే బుసబుస పొంగుతుంది, అది సున్నమే. చచ్చిన మెంబ్రేన్ తన జాతకం తానే చెబుతుంది.

అందుకే ప్లాంటు నడిపేవాడి నేర్పు ఆ రిజెక్ట్ వాల్వు తిప్పడంలో తెలుస్తుంది. మంచి ఆపరేటరు వేస్ట్ నీళ్ల పారుదల కొలిచే రోటామీటరును మంచినీళ్ల దానికంటే ఎక్కువ చూస్తాడు. ముందు గేజీకీ వెనక గేజీకీ తేడా పెరుగుతోందంటే దారి మూసుకుపోతోంది. టీడీఎస్ ఉన్నట్టుండి ఎగబాకితే పొర పాడయిందని కంగారుపడడు, ముందు గొట్టం కొసనున్న ఓ-రింగు చిట్లిందేమో చూస్తాడు. మెల్లమెల్లగా పెరిగితే క్లోరిన్ తిన్నదేమో అని బొగ్గు డబ్బాను అనుమానిస్తాడు. పాలిఅమైడ్‌కు క్లోరిన్ గిట్టదు. ఎండాకాలం ఒక విశేషం కూడా గమనిస్తాడు: నీళ్లు వెచ్చబడితే మంచినీళ్ల రాక పెరుగుతుంది, డిగ్రీకి నూటికి మూడు వంతుల చొప్పున, దానితోపాటు ఉప్పు కూడా కొంచెం ఎక్కువ జారిపోతుంది. మిద్దె మీద నల్ల సింటెక్స్‌లో కాగిన నీళ్లను నేరుగా మెంబ్రేన్‌కు పెట్టడం మంచిది కాదు, దాని హద్దు 45 డిగ్రీలు. మే నెలలో ఆలూరులో ఆ హద్దు మరీ దూరం కాదు.

ఆ వేస్ట్ నీళ్లతో పాత్రలు కడగొచ్చు, బండ్లు తుడవొచ్చు, గచ్చు కడగొచ్చు. బోరు పక్కనే గుంత తీసి ఇంకించడం మాత్రం తెలివితక్కువ పని. నిన్న తీసిన ఉప్పును రెండింతల చిక్కదనంతో రేపటి నీళ్లలో కలిపినట్టే. చెట్లకు పోయవచ్చా అంటే, నల్లరేగడిలో వద్దు. రేగడి ఉప్పును పట్టుకుని వదలదు.

యంత్రాన్ని పొగుడుతూ దాని చేతకానివి దాచడం న్యాయం కాదు. భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగునీటిలో లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మేలు, వేరే దారి లేని చోట 2000 వరకు ఓర్చుకోవచ్చు. ఫ్లోరైడుకు ఆ హద్దులు 1, 1.5. కాలువ నీళ్లు 500 లోపే ఉన్న ఇంట్లో ఆర్ఓ పెట్టుకోవడం నీళ్ల దండగ. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో అన్నదీ అదే. ఇంకొకటి, టీడీఎస్ మీటరు కొలిచేది కరెంటు పారే గుణాన్ని మాత్రమే. సూక్ష్మక్రిములు దానికి కనబడవు, ఫ్లోరైడును విడిగా చూపించదు. ఇంటింటికీ తిరిగి రెండు ఇనుప కడ్డీలు నీళ్లలో ముంచి, కరెంటు పెట్టి, కుళాయి నీళ్లు ఎర్రబారేలా చేసి చూపించే అమ్మకందార్లు కూడా ఉన్నారు. ఆ ఎరుపు నీటిది కాదు, కడ్డీలది. ఉప్పున్న నీళ్లలో కరెంటు పారి ఇనుము తుప్పు పడుతుంది. ఉప్పులేని నీళ్లలో కరెంటే పారదు కాబట్టి అవి తేటగా ఉంటాయి. ఆ నీళ్లలో చిటికెడు ఉప్పేసి చూడమనండి, అవీ ఎర్రబడతాయి.

ప్లాంటు కడపటి మెట్టు అతినీలలోహిత దీపం. 254 నానోమీటర్ల కాంతి సూక్ష్మజీవుల జన్యుపదార్థాన్ని దెబ్బతీస్తుంది. అక్కడివరకు ప్లాంటు బాధ్యత. ఆ తర్వాత అడుగున పాచి పట్టిన క్యానులో పట్టుకుని, మూత లేకుండా బండి మీద దుమ్ములో తీసుకెళ్తే ఆ కష్టమంతా ఏటిపాలే. ఆర్ఓ నీళ్లలో క్లోరిన్ ఉండదు, అందుకే వాటిని కాపాడే కాపలాదారు ఎవరూ లేరు.

ఈసారి క్యాను పట్టుకోవడానికి వెళ్లినప్పుడు వరుసలో నిలబడినంతసేపు అద్దపు గొట్టాల్లో తేలే రెండు రోటామీటర్ల బిళ్లలను చూడండి. వేస్ట్ వైపు బిళ్ల మంచినీళ్ల బిళ్లకు దరిదాపుల్లో ఉంటే మెంబ్రేన్‌కు కావలసిన పారుదల ఉందన్నమాట. మరీ కిందికి దిగి ఉంటే ఎవరో ఆశకు పోయి వాల్వు బిగించారు. వేస్ట్ గొట్టం నీళ్లు చుక్క నాలుక మీద వేసుకుంటే ఎంత ఉప్పనో తెలుస్తుంది. ఇసుక డబ్బాను ఎప్పుడు కడిగారో ఆపరేటరును అడగండి. వెతుక్కోకుండా జవాబు చెప్పినవాడి ప్లాంటులో నీళ్లు పట్టుకోవచ్చు.